యునెస్కో ‘కల్చర్ 2030’ సూచికలు: తిరుపతికి ఎంతవరకు పనికొస్తాయి?

ఊరి సంస్కృతి విలువను లెక్కగట్టాలనుకునే వాళ్లకు యునెస్కో 2019లో తెచ్చిన ‘కల్చర్ 2030’ సూచికలు ఉచితంగా దొరుకుతాయి. మొత్తం 22. పర్యావరణం, జీవనోపాధి, విద్య, భాగస్వామ్యం అని నాలుగు గుంపులు. దేశానికీ వాడొచ్చు, నగరానికీ వాడొచ్చు. మేమిచ్చే మార్కులు ఐదుకు మూడు. ఆ మూడూ 7వ సూచిక, అంటే ఉపాధి లెక్క, వల్ల వచ్చినవే. తిరుపతిలో 6వ దానితో మొదలుపెట్టిన వాళ్లు సగం దారిలో ఆగిపోతారు.

6వది జీడీపీలో సంస్కృతి వాటా. ‘ప్రైవేటు, సంఘటిత’ ఉత్పత్తినే లెక్కించాలని దాని నిర్వచనంలోనే ఉంది. తిరుపతిలో ఈ రెండు మాటలూ చిక్కే. గుడి లాభం కోసం నడిచేది కాదు. పరిశ్రమల వర్గీకరణలో కళలు 90వ విభాగం, గ్రంథాలయాలు, మ్యూజియంలు 91. ధార్మిక సంస్థలేమో 9491, సంస్కృతి విభాగాలకు బయటే. ఇక శ్రీకాళహస్తిలో ఇంటి వసారాలో బట్ట పరుచుకుని వేసే కలంకారీ చాలావరకు అసంఘటితం. ఊరంతా దేని మీద బతుకుతోందో అదే లెక్కలోంచి జారిపోతుంది.

ఆ లోటు పూడ్చడానికి పత్రికల్లో వచ్చే హుండీ ఆదాయాన్ని తెచ్చి కలిపేస్తుంటారు. అది తప్పు. జాతీయ లెక్కల పద్ధతిలో కానుక అంటే బదిలీ. ఒకరి జేబులోంచి ఇంకొకరి ఖజానాకు డబ్బు మారిందంతే, ఉత్పత్తి జరగలేదు. లాభాపేక్ష లేని సంస్థ ఉచితంగా అందించే సేవకు విలువ కట్టేది దానికైన ఖర్చును బట్టి: జీతాలు, సరుకులు, కట్టడాల అరుగుదల. యాత్రికుడి బస్సు టికెట్టు, లాడ్జి అద్దె కూడా ఇందులో కలపకూడదు. యునెస్కో 2009 నాటి సంస్కృతి గణాంకాల చట్రంలో పర్యాటకం ‘సంబంధిత రంగం’ మాత్రమే, దాని లెక్క వేరుగా వేస్తారు. తలనీలాల సంగతైతే మరీ తమాషా. మొక్కు వల్ల పుట్టిన సరుకు ఎగుమతి పత్రాల్లో కస్టమ్స్ కోడ్ 0501 కింద, శుద్ధి చేశాక 6703 కింద నమోదవుతుంది. సాంస్కృతిక వస్తువుల పట్టికలో వెతికితే దొరకదు.

రెండో పొరపాటు అమ్మకాన్నే విలువ అనుకోవడం. ఉదాహరణకు, కలంకారీ చీర దుకాణంలో 9,000 రూపాయలనుకుందాం. కళాకారుడికి ముట్టింది 6,000. అందులో బట్ట, కరక్కాయ, పాలు, పటిక, రంగులు కలిపి 2,200. కళాకారుడు చేర్చిన విలువ 3,800. దుకాణం చేర్చింది మిగతా 3,000లోంచి అద్దె, కరెంటు బిల్లు తీసేయగా మిగిలేది. 9,000కు 6,000 కలిపి 15,000 అని రాస్తే ఆ 6,000నే రెండుసార్లు లెక్కేసినట్టు.

7వ సూచిక, ఉపాధి, ఇక్కడ సరిగ్గా కూర్చుంటుంది. ఇది సంస్థను ఒక్కటే కాదు, మనిషి చేసే పనిని కూడా చూస్తుంది. మూడు గళ్లు గీయండి. సాంస్కృతిక సంస్థలో సాంస్కృతిక వృత్తి: నాటక సంస్థలో నటుడు. బయటి సంస్థలో సాంస్కృతిక వృత్తి: గుడిలో జీతానికి నాదస్వరం వాయించే విద్వాంసుడు. సాంస్కృతిక సంస్థలో మామూలు వృత్తి: మ్యూజియంలో గుమాస్తా. తిరుపతిలో రెండో గడే బరువైనది, 6వ సూచికకు కనిపించనిది కూడా అదే.

సమాచారం కోసం పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వం చేసే ఉపాధి సర్వే) తెరిస్తే ఇబ్బందులు మొదలవుతాయి. వృత్తి కోడ్ మూడంకెల దాకానే ఉంటుంది. 265 అంటే కళాకారులు, బాగానే ఉంది. 731లో కలంకారీ, కుండలు, నగల పని అన్నీ ఒక్కటే. 263లో అర్చకుడూ ఆర్థికవేత్తా ఒకే గంపలో ఉంటారు, లెక్కపెట్టేవాడూ లెక్కలోకి వచ్చేవాడూ పక్కపక్కనే! పెళ్లిళ్ల సీజన్లో సన్నాయి వాయించి మిగతా ఏడాది సేద్యం చేసేవాళ్ల కోసం అనుబంధ వృత్తి గడి కూడా తీసుకోవాలి. అయితే ఏడాదికి 30 రోజులకు తక్కువైతే అందులోనూ రారు. జిల్లా స్థాయిలో ఈ కోడ్‌ల కింద సర్వేలో దొరికే మనుషులు బహు కొద్దిమంది, శాతాలు తీసి మురిసిపోకండి. పైగా తిరుపతి జిల్లా ఏర్పడిందే 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందరి చిత్తూరు అంకెల పక్కన ఇప్పటివి నేరుగా పెట్టకూడదు.

అందుకే సొంత ఇంటింటి సర్వే తప్పదు. ‘మీ వృత్తేంటి?’ అని అడిగితే రంగులు నింపే ఆడవాళ్లు ‘ఇంటిపని’ అనేసే ప్రమాదం ఉంది. పనిని అంచెలుగా విడగొట్టి అడగాలి: కరక్కాయ, పాలు పట్టించేదెవరు, కసిమితో (ఇనుము, బెల్లం నానబెట్టి చేసే నల్లరంగు) గీత గీసేదెవరు, పటిక పూసేదెవరు, పారే నీళ్లలో ఉతికేదెవరు, రంగు నింపేదెవరు? ఒక్కో అంచెకు నెలలో ఎన్ని రోజులు, కూలి ఉందా లేదా? కూలి లేని వాళ్లను ‘కుటుంబ సంస్థలో సహాయకులు’ కింద, పీఎల్‌ఎఫ్‌ఎస్ వాడే పని స్థితి కోడ్ 21లో రాయాలి. సర్వే మొత్తంలో ఎక్కువ సమయం పట్టేది దీనికే, పట్టనివ్వండి.

వాణిజ్యానికి సంబంధించిన 10వ సూచిక ఇక్కడ దాదాపు పనికిరాదు. చేత్తో అలంకరించిన తయారీ వస్తువులను కస్టమ్స్ వాళ్లు 9701 చిత్రాల కోడ్‌లోంచి తీసేస్తారు. కలంకారీ తెర 63వ అధ్యాయంలో మిషన్ ప్రింటు కర్టెన్లతో కలిసిపోతుంది.

సామాజిక విలువకు 21వది, భాగస్వామ్యం. ఇది ఎక్కువగా హాజరునే అడుగుతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఆ ప్రశ్న చాలదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టి వీధిలోకి వచ్చినవాడు ప్రేక్షకుడు కాదు కదా. ‘చూశారా, వేషం కట్టారా, పొంగళ్లు పెట్టారా’ అని మూడు ప్రశ్నలు చేర్చుకుంటే సరిపోతుంది. 4వది, సాంస్కృతిక సదుపాయాలు, సులువు: మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం లాంటివి పటం మీద గుర్తుపెట్టి, చుట్టూ ఉన్న జనాభాతో పోల్చడమే.

అమెరికా 2013లో కళలకు ప్రత్యేక ఉపగ్రహ ఖాతా (జీడీపీ లెక్కలకు అనుబంధంగా ఒక రంగానికి వేసే విడి లెక్క) మొదలుపెట్టింది. ఆ శాతాన్ని తిరుపతి శాతం పక్కన పెట్టాలనిపిస్తుంది, పెట్టొద్దు. అక్కడి హద్దులు వేరు, ఇక్కడ గీసుకున్న గళ్లు వేరు. ఈ సూచికలు దేశాలకు ర్యాంకులిచ్చేందుకు చేసినవీ కావు. ఈ ఏడాది వాడిన కోడ్‌ల జాబితానూ, ప్రశ్నల మాటలనూ ఉన్నవి ఉన్నట్టు భద్రపరచి, మూడేళ్ల తర్వాత అవే ప్రశ్నలు అవే వీధుల్లో మళ్లీ అడగండి.