రెండేళ్లలో మూడు విడతల ఆర్‌టీఎంఎస్: గడప దాటడానికి నా ప్రయత్నం

నాకు పార్కిన్సన్స్ బయటపడి ఎనిమిదేళ్లు. చేతి వణుకు కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది గడప. దాని ముందుకొచ్చేసరికి పాదాలు నేలకు అతుక్కుపోయేవి. మా ఆవిడ వెనక నుంచి "ఒకటి, రెండు" అని లెక్కపెడితేగానీ కదిలేవి కావు. పార్కిన్సన్స్‌కి వాడే సిండోపా మాత్రల వేళలు ఎన్నిసార్లు మార్చినా ఇది తీరలేదు. అందుకే ఆర్‌టీఎంఎస్‌కి, అంటే తల బయటి నుంచి అయస్కాంత శక్తితో మెదడును పదేపదే తట్టే చికిత్సకి వెళ్లాను.

పుర్రె తెరవరు, మత్తివ్వరు. కుర్చీలో కూర్చోబెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో ఉండే కాయిల్‌ని తలకు ఆనిస్తారు. దాని అయస్కాంత శక్తి ఎముక దాటి, మెదడు పైపొరలో కదలికలను నడిపే చోట చిన్నపాటి కరెంటు పుట్టిస్తుంది. ముందు చేతి బొటనవేలు దానంతటదే ఎగిరేదాకా బలం పెంచుతూ పోతారు. ఎవరికెంత ఇవ్వాలన్నది ఆ లెక్కను బట్టే. నాకు సెకనుకు 10 దెబ్బలు పెట్టారు. వడ్రంగిపిట్ట నెత్తిన కూర్చుని పొడిచినట్టుంటుంది. చెవులకు ప్లగ్గులు తప్పనిసరి.

మొదటి విడత 10 రోజులు. మొదటి వారం తలనొప్పే మిగిలింది. రెండో వారంలో రాత్రిళ్లు మంచం మీద పక్కకు తిరగడం తేలికైంది. చొక్కా గుండీలకు 12 నిమిషాలు పట్టేది, ఏడుకు దిగింది. పద్దు పుస్తకంలో చీమల బారులా ఉండే నా రాత కాస్త విచ్చుకుంది. వణుకు మాత్రం ఎక్కడిదక్కడే. ఐదారు వారాలకు ఒళ్లు మళ్లీ బిగుసుకుంది.

ఆ మొదటి చోట "ఇక మాత్రలు మెల్లగా మానేయొచ్చు" అని ఆశపెట్టారు. నమ్మి ఒక పూట మాత్ర మానేశాను. మూడు రోజులు మంచం దిగలేకపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే కోపమొస్తుంది. ఆర్‌టీఎంఎస్ జబ్బును ఆపదు, మాత్రకు బదులూ కాదు. 2008లో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీనికి అనుమతిచ్చింది కూడా డిప్రెషన్‌కి, పార్కిన్సన్స్‌కి కాదు.

మూడో విడత వేరే డాక్టరుగారి దగ్గర. మాత్ర పనిచేస్తున్న వేళ చూసి కూర్చోబెట్టేవారు. లేచిన వెంటనే ఫిజియో నేలమీద గీతలు గీసి దాటించేవాడు. ఈసారి మేలు దాదాపు మూడు నెలలు నిలిచింది. కాయిల్ వల్లనో గీతల వల్లనో విడదీసి చెప్పలేను. మా ఆవిడ అంది, శుక్రవారాలు గడపకు పసుపు రాసినప్పుడు ముందునుంచీ నేను కాస్త సులువుగానే దాటుతున్నానని. అప్పటినుంచి ఇంట్లో ప్రతి గుమ్మం ముందూ పసుపురంగు టేపు అతికించాం.

వెళ్లేవాళ్లు మూర్ఛ, పేస్‌మేకర్, డీబీఎస్ (ఆపరేషన్ చేసి మెదడులో పెట్టే కరెంటు తీగలు), చెవిలో ఇంప్లాంట్, తల లోపల ఆపరేషన్‌లో పెట్టిన లోహపు క్లిప్పులు, ఏది ఉన్నా ముందే చెప్పండి. వాళ్లు అడగకపోయినా చెప్పండి.