ప్రెజర్ గేజ్ క్యాలిబ్రేషన్‌కి (అంటే గేజ్ సరిగ్గా చూపిస్తోందో లేదో తెలిసిన ప్రెజర్‌తో పోల్చి చూడడానికి) డెడ్ వెయిట్ టెస్టరా, డిజిటల్ క్యాలిబ్రేటరా?

డెడ్ వెయిట్ టెస్టర్ లెక్క సింపులే, పిస్టన్ మీద బరువులు పెడతాం, ఆ ఫోర్స్‌ని పిస్టన్ వైశాల్యంతో భాగిస్తే ప్రెజర్ వచ్చేస్తుంది, అందుకే శుభ్రంగా వాడితే ఏళ్లు గడిచినా పెద్దగా డ్రిఫ్ట్ అవ్వదు (అంటే రీడింగ్ మెల్లగా పక్కకి జరిగిపోదు). కాకపోతే రీడింగ్ తీసేటప్పుడు పిస్టన్ తిరుగుతూనే ఉండాలి, ఆగిందంటే ఫ్రిక్షన్ వల్ల తప్పు చూపిస్తుంది, పైగా గ్రావిటీ అన్ని చోట్లా ఒకేలా ఉండదు కదా (భూమధ్యరేఖకీ ధ్రువాలకీ తేడా దాదాపు 0.5 శాతం), ఆ కరెక్షన్ వెయ్యకపోతే అంత మంచి టెస్టర్ ఉండీ దండగే.

డిజిటల్‌ది అయితే (ఇందులో ప్రెజర్‌ని సెన్సార్ కొలుస్తుంది) గేజ్ ఉన్న లైన్ దగ్గరికే పట్టుకెళ్లి ప్రెజర్ పెంచుతూ, మళ్లీ తగ్గిస్తూ ఐదు పాయింట్ల దగ్గర చూసేయొచ్చు, గేజ్‌లో హిస్టెరిసిస్ (అదే ప్రెజర్‌కి పెంచేటప్పుడు ఒక రీడింగ్, తగ్గించేటప్పుడు ఇంకోటి) ఉంటే అక్కడే దొరికిపోతుంది. సెన్సార్ మాత్రం మెల్లగా డ్రిఫ్ట్ అవుతుంది, మామూలుగా ఏడాదికోసారి దాన్నే క్యాలిబ్రేషన్‌కి పంపాలి. నన్నడిగితే రోజువారీ పనికి డిజిటలే, దాన్ని చెక్ చెయ్యడానికి డెడ్ వెయిట్.