చలికాలం స్వెట్టర్ల కొట్టు, అనంతపురం: రెండు సీజన్లు వాడి చెబుతున్నా

అనంతపురంలో చలెక్కడిది అనేవాళ్లు తెల్లారి నాలుగింటికి నాతో రండి. పాల ప్యాకెట్ల ఏజెన్సీ నాది. డిసెంబరులో తడి ట్రేలు పొట్టకు ఆనించుకుని ఆటోలోంచి దింపుతుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ట్రే అంచు రాసుకునే చోట, సరిగ్గా బొడ్డు మీద, ఏ స్వెట్టరైనా ఒక్క సీజన్‌లో పీలికలవుతుంది. అంతకుముందు ఒక పెద్ద షాపులో పదిహేను వందలు పోసి కొన్నది జనవరికే దారాలు వేలాడేసింది. బిల్లు తీసుకుపోతే "వాడేశారు కదా సార్" అన్నారు. వాడక పూజలో పెట్టుకుంటానా?

ఈ కొట్టు సప్తగిరి సర్కిల్ నుంచి నడిచిపోయేంత దూరంలో, రేకుల వరసలో చివరిది. ఈ స్వెట్టర్లవాళ్లను ఊళ్లో అందరూ నేపాలోళ్లు అంటారు, నేనూ అన్నాను. కొట్టు నడిపే ఆమె కన్నడంలో సరిదిద్దింది: "నేపాల్ అల్ల అణ్ణా, టిబెట్." ఉండేది మైసూరు జిల్లా బైలకుప్పెలో. నాకు కన్నడం వచ్చు కాబట్టి మాట కలిసింది.

జిప్పు స్వెట్టర్, నేవీ బ్లూ, ఏడొందల యాభై. బేరం లేదు. "నూరు తగ్గించమ్మా" అంటే నవ్వుతుంది గానీ తగ్గించదు. చేత్తో అల్లింది కాదు, టిబెట్ ఊలూ కాదు, లూధియానా మిషన్ సరుకని ఆమే చెప్పేసింది. అక్కడి వ్యాపారులు నమ్మకం మీద అప్పుకిస్తారట, సీజన్ అయ్యాక కట్టాలి. చలి సరిగా పడని ఏడాది మిగిలిన మూటలు వీళ్ల నెత్తినే.

ఫిబ్రవరిలో జిప్పు ఊడింది. అప్పటికి కొట్టు లేదు, సంక్రాంతి దాటగానే సర్దేస్తారు. గ్యారంటీ ఏముందిలే అనుకుంటూనే మళ్లీ నవంబరులో పట్టుకుపోయా. వెనక కూర్చున్న ముసలమ్మ, నడుముకు చారల గుడ్డ కట్టుకున్నావిడ, జపమాల పక్కన పెట్టింది. కత్తెర మొనతో పాత రన్నర్ లాగేసి కొత్తది ఎక్కించి, పళ్ల మీద కొవ్వొత్తి ముక్క రెండుసార్లు రుద్దింది. అడక్కుండానే బొడ్డు దగ్గర పలచబడిన చోట లోపలివైపు గుడ్డ వేసి కుట్టింది. పైసా తీసుకోలేదు.

ఆ అరగంటలో కోడలు చెప్పుకొచ్చింది. 1959 మార్చిలో లాసాలో జనం చైనా మీద తిరగబడ్డారు, దలైలామా మన దేశానికి వచ్చేశారు కదా, ఆ ఏడాదే వీళ్లూ దాటారు. ముసలమ్మకు అప్పుడు నాలుగేళ్లు, తండ్రి వీపున కట్టుకుని తెచ్చాడట. ముందు హిమాలయాల్లో రోడ్డు పని, రాళ్లు కొట్టడం. తర్వాత బైలకుప్పెలో అడవి కొట్టుకుని మొక్కజొన్న వేశారు. వాన పడితేనే పంట, మన శనక్కాయల మాదిరే. కోతలయ్యాక ఇంట్లో పని ఉండదు, అందుకే ఈ మూటలు. మధ్యలో పిల్లోడు "మోమోలా" అని అరిస్తే తినే మోమోలు అమ్ముతున్నారేమో అని చూశా. అవ్వ అని అర్థమట.

ఇక లోపాలు. అద్దం అరచేయంత ఉంది. సైజులు చిన్నవి, మీది ఎల్ అయితే ఎక్స్ఎల్ అడగండి. చంకల దగ్గర ఉండలు కడుతుంది. ఎర్ర మఫ్లర్ జోలికి పోకండి. మొదటి ఉతుకులోనే మావాడి తెల్ల యూనిఫాం గులాబీ రంగుకొచ్చింది. ఆ మాట చెబితే ఆమె తల గోక్కుని, పిల్లల టోపీ ఒకటి చేతిలో పెట్టింది.

నేవీ బ్లూ కావాలంటే పగటిపూట పోండి. ఈసారి రాత్రి లైట్ల కింద చూసి ఇంకొకటి నీలమని తెచ్చుకున్నా. మా ఇంట్లో దాన్ని రోజూ వాకిట్లోకి తీసుకొచ్చి ఎండలో పట్టి, "ఏదీ నీలం, చూపించు" అంటోంది.