బాల్కనీ కుండీలకి డ్రిప్ పెట్టి మూడో ఎండాకాలం

అనంతపురంలో మాది మొదటి అంతస్తు, పడమటి ఎండ పడే బాల్కనీ, 16 కుండీలు. ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున నీళ్ళు పోసిన పుదీనా సాయంత్రానికి వాడిపోయుంటాది. నేను డ్యూటీకి పోతా, మా అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, బకెట్ మోయలేదు. అందుకే డ్రిప్, అంటే సన్న పైపుల్తో ప్రతి కుండీకి చుక్కచుక్కగా నీళ్ళు పడే ఏర్పాటు.

మొదట ఆన్‌లైన్లో టైమర్‌తో సహా కిట్టు తెప్పించినా. అది మా ఇంటికి పనికిరాదని తెలియడానికి నెల పట్టింది. దాంట్లో ఉండేది సోలనాయిడ్ వాల్వు, అంటే కరెంటు అయస్కాంతంతో పనిచేసేది, అది సరిగ్గా మూసుకోవాలంటే నీళ్ళకి ప్రెషర్ ఉండాల, మాకేమో మిద్దె మీద ట్యాంకు నుంచి దిగే నీళ్ళు, ఎత్తు 4 మీటర్లు, అంటే ప్రెషర్ అర బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) కూడా లేదు. ఒక రాత్రి అది మూసుకోకుండా కారుతానే ఉండాది, తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. కింద ఇంటి పెద్దామె పైకొచ్చి "ఏం నాయనా, ఊరంతా వాన లేదు, మా వాకిట్లో మాత్రం కురుస్తాండాదే" అనింది, తలెత్తుకోలేకపోయినా.

ఆ తర్వాత బాల్ వాల్వు ఉండే టైమర్ కొన్నా. లోపల చిన్న మోటారు వాల్వుని తిప్పుతాది, ప్రెషర్‌తో పనిలేదు. ట్యాంకు నీళ్ళతో పెట్టుకునేవాళ్ళు కొనేముందు చూడాల్సింది ఇదొక్కటే, యాప్ ఉందా బ్లూటూత్ ఉందా అనేవన్నీ తర్వాత.

పైపులు మాత్రం ఊళ్ళో డ్రిప్ సామాన్ల షాపులోనే తీసుకోండి. మా మామకి నార్పల దగ్గర చీనీ (బత్తాయి) తోట ఉంది, కిట్టు సంగతి చెప్తే "జిల్లా అంతా డ్రిప్పే, నువ్వు ఆన్‌లైన్లో కొంటివా" అని నవ్వినాడు. ఆయన ఇప్పించినవే ఇప్పుడున్నవి, 16 ఎంఎం పైపు, సన్న పైపులు, కుండీలో చుక్కలు వదిలే, విప్పి కడుక్కునే డ్రిప్పర్లు, ఒక ఫిల్టర్. డ్రిప్పర్ మీద గంటకి 4 లీటర్లని ఉంటాది, నేను సీసా పెట్టి కొలిస్తే రెండున్నరే వచ్చింది, తక్కువ ప్రెషర్‌కి అంతే. ఆ లెక్కన 12 నిమిషాలకి అర లీటరు. ఎండాకాలం పొద్దున 5కి ఒకసారి, సాయంత్రం 7కి ఒకసారి, మధ్యాహ్నం వద్దు, నల్ల పైపులో నీళ్ళు కాగిపోయుంటాయి. మల్లెకి 2 డ్రిప్పర్లు పెట్టినా. తులసికి పైపు పెట్టనీలేదు అమ్మ, స్నానం చేసి చెంబుతో తనే పోస్తాది.

అసలు తలనొప్పి బోరు నీళ్ళ ఉప్పు. రెండు నెలలకే డ్రిప్పర్ మూతికి తెల్లగా పేరుకుని చుక్క రాదు, పైకి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటాది, ఒక కనకాంబరం అట్లే చచ్చిపోయింది. మామ తోటలో పైపుల్లోకి యాసిడ్ వదుల్తాడు, ఇంట్లో కుండీలకి అంత అవసరం లేదు, డ్రిప్పర్లు విప్పి రాత్రంతా వెనిగర్లో నానేసి పొద్దున టూత్‌బ్రష్‌తో రుద్దితే సరిపోతాది. ఆదివారం గంట పోతాది, మరి ఏ పనీ ఉండదని ఎవురన్నా చెప్తే నమ్మకండి.

ఇంకోటి, ఊరికి పోయేముందు టైమర్లో బ్యాటరీలు కొత్తవి వేసుకోండి. పోయిన మే నెలలో పెళ్ళికని కడపకి పోయి 4 రోజులకొచ్చేసరికి బ్యాటరీ అయిపోయి వాల్వు మూసుకునే ఉంది, పుదీనా మొత్తం ఎండుగడ్డి, కరివేపాకు ఒకటి ఎట్లో బతికింది. సెప్టెంబర్ వానలకి టైమర్ ఆపేస్తా, మళ్ళీ ఆన్ చేయడం గుర్తుచేసేది మా అమ్మే.