నలభై ఏళ్లకి స్టేజీ ఎక్కిన నాటకమా, అసలు ఎక్కని నాటకమా: ఏది మేలు?

1983 అక్టోబరులో అమెరికా పాటల పట్టికలో మొదటి రెండు స్థానాల్లోనూ ఒకే మనిషి రాసిన పాటలున్నాయి. ఒకటి బానీ టైలర్ పాడింది, ఇంకోటి ఎయిర్ సప్లై వాళ్లది. క్యాసెట్ల రోజుల్లో ఇంగ్లిష్ పాటలు విన్నవాళ్లకి ఆ రెండూ ఇట్టే గుర్తొస్తాయి. రాసిన జిమ్ స్టైన్‌మన్ పేరు మాత్రం చాలామందికి తెలియదు.

ఆయన మనసంతా నాటకం మీదే. అమెరికన్ రాక్ గాయకుడు మీట్‌లోఫ్ పాడిన 1977 నాటి 'బ్యాట్ అవుట్ ఆఫ్ హెల్' ఆల్బమ్‌లో మూడు పాటలు, ఎప్పటికీ ఎదగని పిల్లాడు పీటర్ పాన్ కథని తిప్పి రాసుకున్న 'నెవర్‌ల్యాండ్' అనే నాటకంలోవి. ఆ కల ఆల్బమ్ పేరుతోనే పూర్తిస్థాయి నాటకంగా ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ఆపెరా హౌస్‌కి చేరేసరికి 2017 ఫిబ్రవరి వచ్చింది.

అన్నేళ్లు ఎదురుచూసిన అభిమానులకి ఆశ ఎంతో భయమూ అంతే. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఆయన సంగీతంతో 1997లో వియన్నాలో జర్మన్ భాషలో వచ్చిన 'టాన్‌జ్ డెర్ వాంపైర్' పెద్ద హిట్. అదే నాటకానికి జోకులు కుక్కి 2002 డిసెంబరులో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి తెస్తే, 56 ప్రదర్శనలకే మూతపడింది. కళ్లముందే అలా పాడైపోయాక, ఇంకోసారి స్టేజీ అంటే టెన్షన్ పడరా మరి!

ఇక రెండో దారి 'బ్యాట్‌మన్'. సినిమా దర్శకుడు టిమ్ బర్టన్ దర్శకత్వంలో, స్టైన్‌మన్ పాటలతో రావాల్సిన మ్యూజికల్, అంటే పాటల నాటకం అది. రాలేదు. మిగిలినవి డెమో పాటలే, అంటే నమూనాగా రికార్డు చేసుకున్నవి. వాటిని ప్రాణంగా చూసుకునే అభిమానులున్నారు. కళ్లు మూసుకుని వింటే బ్యాట్‌మన్ ఊరు గోథమ్ ఎవరిది వాళ్లకి కనిపిస్తుంది. అక్కడ నటులు తడబడరు, సెట్ తేలిపోదు, కథని ఎవరూ మార్చరు. ఈ సుఖాన్ని నేను తక్కువ చేయను. కానీ అది ఒంటరి సుఖం. వెయ్యిమంది పక్కన కూర్చుని ఒక్కసారిగా ఊపిరి బిగబట్టడం అందులో దొరకదు.

స్టేజీ మీదికొచ్చిన 'బ్యాట్ అవుట్ ఆఫ్ హెల్' నాటకంలో లోపాలున్నాయి. పద్దెనిమిదేళ్ల దగ్గరే వయసు ఆగిపోయిన స్ట్రాట్, నియంత ఫాల్కో కూతురు రేవెన్‌ని ప్రేమిస్తాడు. కథంటే ఇంతే. పాటకీ పాటకీ మధ్య మాటలు పలచన. మీట్‌లోఫ్ గొంతు లేకుండా ఈ పాటలేంటి అన్న అనుమానమూ న్యాయమైనదే.

అయినా ఒక్క సీను చూడండి. 'పారడైజ్ బై ది డ్యాష్‌బోర్డ్ లైట్' పాట. ఆల్బమ్‌లో అది కారులో ఒక కుర్రజంట గోల. ఇక్కడ దాన్ని పాడేది రేవెన్ తల్లిదండ్రులు. చల్లారిపోయిన కాపురంలో తమ పాత రాత్రిని తవ్వుకుంటారు. చివరికి కారు వెళ్లి ఆర్కెస్ట్రా కూర్చునే గుంటలో పడుతుంది. విరిగిన వాయిద్యాలు పట్టుకుని వాద్యగాళ్లు పైకెక్కి వస్తారు. నలభై ఏళ్లుగా అరిగిపోయేలా విన్న పాటకి ఈ కొత్త బాధ ఎక్కడిది? ఎంత మంచి డెమో అయినా ఇది ఇవ్వలేదు.

అందుకే నా ఓటు ఆలస్యంగా, లోపాలతో వచ్చినదానికే. ఇంకో కారణం కూడా ఉంది. 1969లో కాలేజీలో ఈ కలకి మొదటి రూపమైన 'ది డ్రీమ్ ఇంజిన్' నాటకం రాసినప్పుడు స్టైన్‌మన్‌కి 21 ఏళ్లు. మాంచెస్టర్‌లో తెర లేచేసరికి 69. 2021 ఏప్రిల్‌లో పోయారు. ఇంకో నాలుగైదేళ్లు లేటైతే ఆయన పోయాకే వచ్చేది. ఆ ఊహే నాకు కష్టంగా ఉంటుంది.

బ్యాట్‌మన్ పాటలు కూడా పూర్తిగా వృథా పోలేదు. అందులోని 'నాట్ అలౌడ్ టు లవ్' ఈ నాటకంలోకి వచ్చి చేరింది. ఇప్పుడది ప్రేమకి నోచుకోని టింక్ అనే కుర్రాడి పాట.