ఏళ్లు నడిచే కాంపెయినా, ఒక్క సాయంత్రపు వన్‌షాటా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) లాంటి ఆటలు మొదలుపెడదామనుకునే మిత్రబృందం రూల్‌బుక్ తెరవకముందే తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ఒకే కథను నెలలు, ఏళ్లు నడిపే కాంపెయిన్ ఆడాలా, మూడు నాలుగు గంటల్లో ముగిసే వన్‌షాట్ ఆడాలా? నేను రెండూ ఆడాను. నా ఓటు కాంపెయిన్‌కే. అయినా వన్‌షాట్‌ను తక్కువ చేయలేను.

ఆట ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు డీఎంగా, అంటే డంజన్ మాస్టర్‌గా కూర్చుని కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతాం, అవుతుందో లేదో తెలియనిచోట పాచిక వేస్తాం. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆటలో ఒకరు గెలిచి ఇంకొకరు ఓడడం ఉండదు. అందరిదీ ఒకే కథ.

వన్‌షాట్‌కు నేను ఎంచుకునేది 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కథుల్హు అనే హారర్ ఆట. అందులో పాత్రలు వీరులు కారు, విలేకరులు, ప్రొఫెసర్లు. నైపుణ్యం 40 అని రాసి ఉంటే, పది ముఖాల పాచికలు రెండు వేసి, ఒకదాన్ని పదుల అంకెగా, రెండోదాన్ని ఒకట్ల అంకెగా చదివి, నలభైకి మించకుండా తెచ్చుకోవాలి. నిమిషంలో అర్థమైపోతుంది. కథ పూర్తయ్యేసరికి పాత్ర చచ్చిపోవచ్చు, మతి తప్పవచ్చు. రేపటి గొడవ లేదు కాబట్టి అందరూ ధైర్యంగా చీకటి మెట్లు దిగుతారు. ఒక సంక్రాంతికి మా చిన్నాన్నను కూర్చోబెట్టాం. అరగంటలో ఆయన గొంతు తగ్గించి "ఆ తలుపు తీయొద్దురా" అన్నారు. గదిలో ఎవరూ నవ్వలేదు, అంతగా లీనమైపోయాం. కానీ ఆయన ఆడిన ప్రొఫెసర్ పేరేమిటో ఇప్పుడు ఆయనకూ గుర్తులేదు, నాకూ లేదు.

కాంపెయిన్‌లో పేర్లు మరుపురావు. మా ఐదుగురం రెండున్నరేళ్లు ఒకే కథ ఆడాం. ఒకటో లెవెల్లో పెద్ద ఎలుక కరిస్తేనే కూలిపోయే మాంత్రికుడు ఐదో లెవెల్‌కు ఫైర్‌బాల్ అనే మంత్రం నేర్చుకున్నాడు. దానికి ఆరు ముఖాల పాచికలు ఎనిమిది వేయాలి. మామూలు సెట్లో ఉండేది ఒక్కటే. అందరం మా దగ్గరున్నవి అతని ముందుకు తోశాం. ఆ పాచికలు గలగలమంటూ దొర్లిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అసలు తేడా ఒక రాత్రి తెలిసొచ్చింది. మా క్లెరిక్, అంటే దైవశక్తితో గాయాలు మాన్పే పాత్ర, పడిపోయింది. ప్రాణాలు సున్నాకు చేరిన పాత్ర తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వేయాలి, మూడుసార్లు తప్పితే మరణం. రెండు తప్పాయి. మూడోసారి ఇరవై పడింది. ఆ అంకె పడితే ఒక ప్రాణంతో లేచి కూర్చోవచ్చు. ఆ పాత్ర ఆడుతున్న నా స్నేహితురాలు ఏడ్చేసింది, మాకూ కళ్లు చెమర్చాయి. వన్‌షాట్‌లోనూ అదే పాచిక, అదే ఇరవై. కానీ ఇక్కడ ఆ పాచిక మీద రెండేళ్ల శనివారాలు ఉన్నాయి.

ఖర్చులో పెద్ద తేడా లేదు, డీ అండ్ డీ ప్రాథమిక నియమాలు ఉచితంగానే దొరుకుతాయి. కాంపెయిన్‌కు కావాల్సింది సమయం. ఒకరికి ఆఫీసు, ఒకరికి పసిబిడ్డ, డీఎంకు ప్రతి సెషన్‌కూ ముందు రెండు గంటల తయారీ. ఎక్కువ కథలు మధ్యలో ఆగిపోయేది తేదీలు కుదరకే. ఐదుగురిలో ముగ్గురొస్తే ఆట ఆడాల్సిందేనని మేం నియమం పెట్టుకున్నాం. ఇద్దరు డాలస్ వెళ్లాక రోల్20 అనే వెబ్‌సైట్ మీద ఆడాం. ఇక్కడ శనివారం రాత్రి ఎనిమిది అంటే వేసవిలో వాళ్లకు ఉదయం తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. బల్ల చుట్టూ కూర్చున్న సందడి తెర మీద రాదు. అయినా పండక్కి ఒక మెసేజ్‌తో సరిపెట్టుకునే స్నేహాలు ఆ ఆట వల్లే పదిహేను రోజులకోసారి మూడు గంటలు మాట్లాడుకున్నాయి.

కాబట్టి కొత్త బృందమైతే ముందు ఒక వన్‌షాట్ పెట్టండి. ఎవరికి ఎదుటివాళ్ల వంతు వినే ఓపిక ఉందో ఆ సాయంత్రమే తెలుస్తుంది. మర్నాడు ఫోన్ చేసి "తర్వాత ఏమయ్యేది?" అని అడిగినవాళ్లను కాంపెయిన్‌కు పిలవండి. ఏళ్ల మాట అప్పుడే ఎత్తకుండా, పది సెషన్లని చెప్పండి.