జీడి రైతుకు ఏది మేలు: ఢిల్లీలో లాబీయింగా, రోడ్డు మీద ధర్నానా?

2018 కేంద్ర బడ్జెట్‌లో ముడి జీడి పిక్కల దిగుమతి సుంకం 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గింది. ప్రాసెసింగ్ ఫ్యాక్టరీలు కోరుకున్నది ఇలాంటి తగ్గింపే. ఆఫ్రికా పిక్క చౌకగా దొరికితే మన శ్రీకాకుళం జిల్లాలోని పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీలకు ఏడాది పొడవునా పని ఉంటుంది. కానీ ఆ పిక్కే ఇక్కడి ఉద్దానం ప్రాంతపు రైతు బస్తా ధరను కిందికి లాగుతుంది. అదే ఏడాది అక్టోబరులో తిత్లీ తుపాను ఆ రైతు తోటను నేలకూల్చింది.

లాబీయింగ్‌ను, అంటే అధికారులనూ నాయకులనూ కలిసి తమకు కావాల్సిన నిర్ణయం కోసం ఒప్పించడాన్ని, పూర్తిగా తప్పు పట్టలేం. 80 కిలోల బస్తాకు ఎంత పప్పు దిగుతుందో, గ్రేడును బట్టి ధర ఎలా మారుతుందో ఢిల్లీలో ఫైలు చూసే అధికారికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ పని వ్యాపారుల సంఘం బాగా చేస్తుంది. లెక్కలతో వెళ్తుంది, మళ్లీ మళ్లీ వెళ్తుంది. పన్నులు, సుంకాల విషయంలో ధర్నా కంటే ఇదే త్వరగా పని చేస్తుంది.

చిక్కల్లా అక్కడిదాకా ఎవరు వెళ్లగలరన్నదే. వ్యాపారికి విమానం టికెట్ ఉంటుంది, మాట్లాడిపెట్టే మనిషి ఉంటాడు. రైతుకు ఆ ఖర్చే భారం. ఇక పిక్కలు కొట్టి, తొక్క నూనెకు చేతులు కాలే ఆడవాళ్ల తరఫున ఆ గదిలో ఎవరూ ఉండరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పైగా ఆ గదిలో ఏం మాట్లాడారో మనకు తెలియదు. అమెరికాలో 1995 చట్టం ప్రకారం లాబీయిస్టులు ఎవరి తరఫున, ఏ విషయం మీద పని చేస్తున్నారో, ఎంత డబ్బు నడిచిందో చెప్పాలి. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. లంచం తీసుకుంటే కేసు పెట్టొచ్చు, లంచం లేని పలుకుబడిని మాత్రం అడిగేవాడు లేడు.

మరి ధర్నా? అందరికీ కనిపిస్తుంది, పేదవాడూ వెళ్లగలడు. కానీ దాని ఖరీదు మన జిల్లాకు బాగా తెలుసు. 2010 జులై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 2011లో కాకరాపల్లిలోనూ అదే జరిగింది. సోంపేట ప్లాంటు పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ జులైలోనే రద్దు చేసింది. అనుమతి కాగితం మీద ఉంది కాబట్టే దాన్ని సవాలు చేయగలిగారు. నాలుగు గోడల మధ్య ఇచ్చిన మాటను ఎక్కడ సవాలు చేస్తాం?

అందుకే భూమి, నీరు, బీల (చిత్తడి నేలల) విషయాల్లో లాబీయింగ్‌ను నేను అసలు ఒప్పుకోను. అక్కడ ప్రజాభిప్రాయ సేకరణే దారి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి, ప్రాజెక్టు దగ్గరే సభ పెట్టాలి. అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

పిక్కల ధర, సుంకం లాంటి వాటికి లాబీయింగే మేలు. కాకపోతే రైతులు వ్యాపారుల సంఘం వెనక నడవకుండా సొంత సంఘంగా వెళ్లాలి, కార్మికులనూ వెంట తీసుకెళ్లాలి. ఇచ్చిన వినతిపత్రం కాపీని ఊళ్లో పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించాలి. ఈ నెలలో ఏ సంఘంవాళ్లు కలిశారో, ఏం అడిగారో బయటపెట్టమని మన ఎంపీనీ ఎమ్మెల్యేనీ కూడా అడగాలి.